బోద గుట్టకు గుంతలు తవ్వకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీలో ఈమధ్య వచ్చిన ఒక వార్త గురించి ఈ ఉత్తరం. తొలకరి పడగానే కల్యాణదుర్గం చుట్టుపక్కల గుట్టల మీద, బీళ్లలో మొక్కలు నాటుతారనీ, గుంతలు తవ్వే పని అప్పుడే మొదలైందనీ రాశారు. ఫొటో కూడా వేశారు. చెట్టూ చేమా లేని గుట్టకు పచ్చదనం వస్తుందని దాని సారాంశం. ఆ ఫొటోలో జేసీబీ చక్రాల కింద పడి ఉన్నదేమిటో రాసినవారు చూసినట్టు లేదు. అది బోద అనే గడ్డి. నడుమెత్తు పెరిగి, గింజ రాల్చి, ఎండి ఇటుకరంగుకు తిరిగిన బోద. వార్తలో దాని ఊసే లేదు.

నేను పశువైద్య శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. డాక్టరును కాను, డాక్టరు పక్కన నిలబడి సూదిమందు అందించే సహాయకుణ్ణి. అయినా పల్లెల్లో అందరూ డాక్టరుసారూ అనే పిలిచేవాళ్లు, కాదని ప్రతిసారీ చెప్పే ఓపిక నాకూ ఉండేది కాదు. సర్వీసంతా కల్యాణదుర్గం, రాయదుర్గం, కుందుర్పి, కంబదూరు వైపే గడిచింది. మా ఇంట్లోనూ జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, ఉండేవి. కాబట్టి ఈ మాటలు కసువు, అంటే గడ్డి, మేసే వాటి తరఫున చెబుతున్నవని అనుకోండి.

పట్నం పాఠకుల్లో బోద అంటే తెలియనివాళ్లు ఉండొచ్చు. మా సీమ పల్లెల్లో కొట్టాలకు కప్పే కసువు అది. సంక్రాంతి దాటాక ఆడా మగా కొడవళ్లు తీసుకొని గుట్టకు పోయేవాళ్లు. కోసి, మోపులు కట్టి, తలమీద పెట్టుకొని దిగేవాళ్లు. పని తెలిసినవాడు కుదురుగా కప్పితే ఆ కొట్టం కొన్నేళ్ల దాకా చుక్క కారదు. మే నెలలో మా జిల్లాలో రేకుల ఇంట్లో ఒక మధ్యాహ్నం, బోద కొట్టంలో ఒక మధ్యాహ్నం పడుకున్నవాళ్లకు ఆ రెండింటి తేడా నేను చెప్పనక్కర్లేదు. రేకులు వచ్చాక బోదను అడిగేవాళ్లు తగ్గారు. అడిగేవాళ్లు లేకపోయేసరికి ఆఫీసు లెక్కల్లో అది పెరిగే గుట్ట కూడా ఖాళీ జాగా అయిపోయింది.

ఇది ఎక్కడపడితే అక్కడ పెరిగేది కాదు. చెరువు కింది మడుల్లో కనబడదు, నల్లరేగడిలో అరుదు. రాయి తేలిన ఎర్ర గరుసు నేల, గుట్ట వాలు, జానెడు మట్టి కింద బండ తగిలే చోటు దీనికి సొంత ఇల్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని పుస్తకాల్లో ఉన్నా అది ఎప్పుడు పడుతుందో నమ్మకం లేని జిల్లా మాది. వేరుశనగకు విత్తనం ఖర్చులు కూడా రాని ఏడాదిలోనూ గుట్ట మీద బోద లేస్తుంది. వేసవికి పైదంతా ఎండిపోయినా కుదురు చావదు. ఆరుద్ర కార్తెలో ఒక మంచి పదును పడితే వారం తిరక్కముందే గుట్ట రంగు మారుతుంది. దానికి ఎవరూ విత్తనం చల్లలేదు, ట్యాంకరుతో నీళ్లు పోయలేదు, బిల్లు పెట్టలేదు.

మేం బోద అని ఒకే మాటతో పిలిచేదాంట్లో రెండు మూడు రకాల కసువులు కలిసిపోయి ఉంటాయి. వాసన వచ్చే కామంచి కసువు వేరు, ముదిరాక దానికి జీవాలు మూతి పెట్టవు. నాకు బాగా పరిచయమున్నది ముళ్లగింజల కసువు. దాని శాస్త్రం పేరు హెటెరోపోగాన్ కంటోర్టస్. పరిచయం అని మర్యాదకు అంటున్నాను గానీ, సర్వీసులో చాలాకాలం దాన్ని తిట్టుకుంటూనే గడిపాను. దాని గింజకు ఒక చివర సూదిమొన ఉంటుంది, మరో చివర రెండు మూడు అంగుళాల తోక. తోక ఆరితే ఒక పక్కకు మెలి తిరుగుతుంది, తడిస్తే రెండో పక్కకు విప్పుకుంటుంది. వడ్రంగి బర్మా తిప్పినట్టు, ఆ మెలికలతోనే గింజ తనంతట తాను నేలలోకి దిగుతుంది. మొన మీద వెనక్కి వాలిన వెంట్రుకలు ఉంటాయి కాబట్టి దిగింది మళ్లీ పైకి రాదు. ఆరుతడి వానల సీమలో విత్తనం తనను తాను నాటుకోవడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు.

నేలలో దిగితే మంచిదే. గొర్రె బొచ్చులో పడితే తోలులోకీ అలాగే దిగుతుంది. చిత్త, స్వాతి కార్తెల్లో మా ఆసుపత్రి ముందు నిలబడే జీవాలకు పెదవుల్లో, నాలుక కింద, డొక్కల్లో, ఒక్కోసారి కంట్లో కూడా ఈ ముళ్లే. ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే పీకి టింక్చర్ పూసేవాళ్లం. పుండు ముదిరి పురుగు పడితే టర్పెంటైన్ పోసి పురుగులను బయటికి రప్పించాలి. పక్కన ఆ కాపరి టెన్షన్ వేరే. పెదవులు వాచిన పిల్ల పాలు తాగదు మరి. తోళ్లు కొనే వ్యాపారులు కూడా చిల్లులు చూసి ధర కోసేవాళ్లు.

ఇన్ని తంటాలు పెట్టే కసువును ఇప్పుడెందుకు వెనకేసుకొస్తున్నావని అడగొచ్చు. మా వైపు కురబ కాపర్లకు దీనితో ఎలా నెట్టుకురావాలో బాగా తెలుసు. పొట్టకు రాకముందు, లేతగా ఉన్నప్పుడు, ఇది జీవాలకు మంచి మేత. కంకి తొంగిచూడగానే మందను గుట్ట దించి వంకల వైపు, కోతలైన చేల వైపు మళ్లిస్తారు. గింజంతా రాలాక, చలి ముదిరాక, మళ్లీ ఎక్కిస్తారు. అప్పటి ఎండుకసువులో బలం తక్కువే, కానీ కడుపు నింపుతుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా కడుపు నిండటమే పెద్ద విషయం. నేను చూసిన కేసుల్లో ఎక్కువభాగం ఈ లెక్క తప్పిన మందలవే. కాపరికి తెలియక తప్పిన లెక్క కాదది. గుట్ట దిగాక పోవడానికి చోటు లేదు. చేలచుట్టూ కంచెలు, బోర్ల కింద తోటలు, పాత మంద దారుల మీద లేఅవుట్లు. ముళ్లున్న వారాల్లో కూడా జీవాలు గుట్ట మీదే తిరగాల్సి వచ్చింది.

ఇదేదో దిక్కులేక మొలిచిన పిచ్చిగడ్డి అనుకునేవాళ్లు దీని చుట్టరికం తెలుసుకోవాలి. జొన్న, మొక్కజొన్న, చెరకు, మన బోద, వృక్షశాస్త్రం లెక్కన అన్నీ ఒకే తెగ. ఎండ ఎక్కువా నీళ్లు తక్కువా ఉన్నచోట ఆకులో ఆహారం తయారుచేసుకునే ఒడుపు ఆ తెగకు పుట్టుకతో వచ్చింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1973లోనే దేశంలోని గడ్డినేలలను అయిదు రకాలుగా విడదీసి చూపింది. అందులో మన దక్కను పీఠభూమి గడ్డినేలలకు సెహిమా-డైకాంథియం రకమని, రెండు కసువుల శాస్త్రం పేర్లు కలిపి, పేరు పెట్టారు. ఝాన్సీలో 1962 నుంచి పచ్చిక, పశుగ్రాసాల మీద ఒక జాతీయ సంస్థే ఉంది. అంటే పైవాళ్లకు తెలిసి అర్ధశతాబ్దం దాటింది. ఆ కబురు మండల ఆఫీసు దాకా ఇంకా దిగినట్టు లేదు.

పోయినేడు మా అమ్మాయి వాళ్ల దగ్గరికి అమెరికా వెళ్లాం. వాళ్లుండేది కాన్సాస్ రాష్ట్రం. ఒక ఆదివారం అల్లుడు మమ్మల్ని కారులో ఫ్లింట్ హిల్స్ అనే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ దాదాపు 11,000 ఎకరాల గడ్డినేలను 1996లో జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పాలపిట్టలా మెరిసేది ఏదీ ఉండదు. మిట్టలు, కసువు, గాలి, దూరంగా బైసన్ల మంద, అంతే. ఆ కసువు పేరు బిగ్ బ్లూస్టెమ్. మనిషెత్తు దాటుతుంది. కంకి మూడు పాయలుగా చీలి ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని టర్కీ కోడి కాలు అని కూడా అంటారు. వేర్లు పదడుగుల లోతుకు కూడా పోగలవు. ఇదీ జొన్న తెగదే, మన బోదకు దూరపు బంధువు. మా ఇంటావిడ కాసేపు చూసి, "దీనికా ఇంత పెట్రోలు తగలేసింది? మన కొండ మీద లేదా?" అంది. అల్లుడు నవ్వాడు గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ముళ్లగింజల కసువైతే అచ్చంగా మనదే అమెరికాలో టెక్సాస్, అరిజోనా బీళ్లలోనూ పెరుగుతుంది. హవాయి దీవుల్లో దాన్ని పిలి అంటారు. అక్కడి పాత ఇళ్లకు కప్పు వేసింది దానితోనే.

నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ ఎత్తుకసువు నేలలు ఉత్తర అమెరికాలో ఒకప్పుడు 17 కోట్ల ఎకరాలు ఉండేవి. ఇప్పుడు అందులో నాలుగు శాతం కూడా మిగల్లేదు. వేర్ల చాపను చీల్చలేక మొదట రైతులు అవస్థపడ్డారు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేశాక ఆ పని తేలికైంది, మొక్కజొన్న వచ్చేసింది. ఫ్లింట్ హిల్స్‌లో మాత్రం పైమట్టి పలచన, కింద సున్నపురాయి, చెకుముకిరాయి పొరలు. నాగలి దిగక ఆ కొండలు మిగిలాయి. మా గుట్టలదీ అదే కథ. దున్నడానికి పనికిరాలేదు కాబట్టే అక్కడ బోద ఇప్పటిదాకా ఉంది. నాగలి ఎక్కలేని చోటికి ఇప్పుడు జేసీబీ ఎక్కుతోంది.

అదే కాన్సాస్ పడమటి భాగంలో, ఒక్లహోమా, టెక్సాస్‌లలో పొట్టికసువు నేలలను గోధుమ కోసం దున్నేశారు. 1930లలో వరసగా కరువొచ్చింది. పట్టి ఉంచే వేరు లేక నేల దుమ్మై లేచింది. ఊళ్లకు ఊళ్లు వదిలిపోయారు. ఆ దెబ్బకు 1935లో నేలను కాపాడటానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టుకున్నారు. 1985 నుంచి, దున్నకుండా కసువుకు వదిలేసిన పొలానికి ఏడాదికింత అని రైతుకు అద్దె కట్టే పథకం కూడా నడుపుతున్నారు. మనకు ఇదంతా ఎక్కడిదో కథ అనిపించొచ్చు. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఆషాఢ గాలికి ఇసుక లేచి చేల మీద పడటం చూసినవాళ్లకు అలా అనిపించదు.

ఇక గుంతల సంగతి. బండ మీద జానెడు మట్టి ఉన్నచోట గుంత తవ్వితే ఏం జరుగుతుంది? ఆ జానెడూ పెళ్లగించి పక్కన పోస్తారు. మొదటి గట్టివానకు అది వంకలోకి పోతుంది. కానుగో, వేపో, గ్లిరిసీడియానో తెచ్చి పెడతారు. ఆగస్టులో ఫొటోలకు బాగుంటుంది. మార్చిలో ట్యాంకరు గుట్ట ఎక్కదు, ఏప్రిల్‌కల్లా మొక్క పుల్ల అవుతుంది. ఆ కదిలిన మట్టిలో తర్వాత లేచేది సర్కారు తుమ్మ, మా వైపు కంపచెట్టు. మేకలు, గొర్రెలు దాని కాయలు ఇష్టంగా తిని గింజలను పెంటికల్లో వేసిపోతాయి. కంప ఒకసారి గుబురు కట్టిందంటే కింద కసువు లేవదు.

ఈ కంప కథ మన సీమలోనే మొదలైందని చాలామందికి తెలియదు. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కొరత తీరుతుంది, మోడు నేలలు పచ్చబడతాయి అన్నదే అప్పటి అటవీ అధికారుల ఉద్దేశం. మంచి ఉద్దేశమే. వంటచెరకు దొరికింది కూడా, అది కాదనను. మా అమ్మ పొయ్యిలో పెట్టింది ఆ కట్టెలే. కానీ ఇప్పుడు దాన్ని పీకించడానికి మళ్లీ ప్రభుత్వమే డబ్బు పెట్టాల్సి వస్తోంది.

చెట్లకు నేను శత్రువును కాను. చెరువు కట్టల మీద, వంకల ఒడ్డున, బడుల్లో, రోడ్ల పక్కన ఎన్ని నాటినా చాలవు. అనంతపురం నుంచి కల్యాణదుర్గం వచ్చే దారిలో మధ్యాహ్నం బస్సుకోసం నిలబడి చూడండి, నీడ ఎంత అవసరమో తెలుస్తుంది. గుట్టల మీద కూడా లోయల్లో, మట్టి లోతున్న మడతల్లో చెట్లు వాటంతట అవే ఉన్నాయి. తునికి, ఊడుగ, బలుసు ఎవరు నాటారు? గోలంతా కసువు ఉన్న వాలును ఖాళీ అనుకోవడం దగ్గరే వస్తోంది.

సోలార్ ప్యానెళ్లకు పోయిన బీళ్ల గురించి రాయాలంటే వేరే ఉత్తరం కావాలి. కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గరున్న ఒక్క సోలార్ పార్కే 5,900 ఎకరాలు దాటింది. కరెంటు కావాలి, ఒప్పుకుంటాను. అందుకే మిగిలిన గుట్టల విలువ పెరిగిందంటున్నాను.

కసువును కాపాడాలనుకుంటే సరిపోదు, దాని చుట్టూ కూడా చూడాలి. అందుకు రోళ్లపాడు మనకు దగ్గరి పాఠం. నందికొట్కూరు, నంద్యాల నడుమ 614 హెక్టార్ల గడ్డినేలను 1988లో అభయారణ్యం చేశారు, బట్టమేక పిట్ట కోసం. ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఒకటది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. పొదల్లో దాక్కోదు, నాలుగు దిక్కులూ కనబడే కసువు నేల కావాలి. నేలమీదే ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతలు, పురుగులు, రేగుపళ్లు, చేలల్లో వేరుశనగ కూడా తింటుంది. వానాకాలంలో అక్కడికి నేలనెమలి అనే పిట్ట కూడా వచ్చేది. లోపల కసువు లేచింది, జింకలు పెరిగాయి. బయట కాలువ నీళ్లొచ్చి పంటలు మారిపోయాయి. బట్టమేకకు కంచె లోపలి జాగా ఒక్కటే చాలదు, చుట్టూ మెట్టచేలు, బీళ్లు కూడా కావాలి. ఇప్పుడు దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగే ఆ పక్షులు 150 దాకానే ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

నిప్పు గురించి కూడా ఒక ముక్క. శివరాత్రి చుట్టుపక్కల మా గుట్టలు తగలబడని ఏడాది లేదు. ఎవరో బీడీ పారేస్తారు, ఇంకెవరో కొత్త చిగురు కోసం కావాలనే పెడతారు. కసువుకు నిప్పు చావు కాదు. దాని మొలక భాగం నేలబారున కుదుట్లో ఉంటుంది, పైది కాలినా మళ్లీ వస్తుంది. ఫ్లింట్ హిల్స్‌లో రైతులు ఏటా వసంతంలో వాళ్లే తగలబెడతారు, కాకపోతే ఆ వెంటనే వానలు ఉంటాయి. మాకు మాఘంలో కాలితే వాన రావడానికి మూడు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల మేత అంతా ఒక్క సాయంత్రంలో బూడిద. కరువేళ్లలో కోస్తా నుంచి లారీల్లో వరిగడ్డి దించుకున్న జిల్లాకు ఈ నష్టం ఎంతో వేరే చెప్పాలా?

అందుకని జిల్లా అధికారులకు మీ ద్వారా నా మనవి ఇది. ఈసారి గుంతల మార్కింగు ఆఫీసులో మ్యాపు ముందు కూర్చొని వేయవద్దు. ఊరికి ఇద్దరు కాపర్లను వెంట పెట్టుకొని గుట్ట ఎక్కండి, బోద ఉన్న వాలు ఏదో వాళ్లే చూపిస్తారు. ఆ మేర వదిలేసి మిగతా చోట నాటుకోండి. ఉపాధి హామీ కూలీ దినాలను గుంతలకు బదులు కంప పీకడానికి, శివరాత్రికి ముందే గుట్ట చుట్టూ నిప్పు దాటకుండా కసువు చెక్కి బాట తీయడానికి వాడండి. కోసుకోవాలనుకున్న ఊరివాళ్లకు గింజ రాలాక బోద కోసుకోనివ్వండి. కోతకు ఇచ్చిన గుట్టకు కాపలా పెట్టనక్కర్లేదు, కోసుకునేవాళ్లే నిప్పు పడకుండా చూసుకుంటారు. మేత పోరంబోకుల కొలతలు తీసి బోర్డులు పెట్టండి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని సుప్రీంకోర్టు 2011లోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును పేరు పెట్టి మరీ గుర్తించింది. 2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక బయళ్ల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది కూడా. దాని పేరుతో సభలు పెడితే వేదిక మీద ఒక కుర్చీ కాపరికి వేయండి.

మీకూ ఒక మనవి. హస్త కార్తెలో మీ విలేకరిని కల్యాణదుర్గం పంపండి, గుట్ట నేనే ఎక్కించి చూపిస్తాను. మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. మేజోళ్లు మాత్రం వేసుకురావద్దని చెప్పండి. అప్పటికి గింజ ముదిరి ఉంటుంది, ఒకసారి మేజోట్లో దిగితే పీకడం ఎంత పనో నాకు తెలుసు. ఫోర్సెప్స్ ఇంట్లోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా